కుర్చీలు ఖాళీగా ఉన్నది జనం లేక కాదు

2025 డిసెంబరు 13న దేశంలోని రెండు నగరాల్లో రెండు స్టేడియాలు ఒక్క మనిషి కోసం నిండాయి. పగలు కోల్‌కతాలోని సాల్ట్‌లేక్, సాయంత్రం హైదరాబాద్‌లోని ఉప్పల్. ఆ మనిషి లియోనెల్ మెస్సీ. కోల్‌కతాలో వేల రూపాయలు పోసి టికెట్లు కొన్న సామాన్యుడికి అతడు సరిగ్గా కనిపించనే లేదు. రాజకీయ నాయకులు, ప్రముఖులు, వారి వెంట వచ్చినవారు, భద్రతా సిబ్బంది అతడి చుట్టూ గోడ కట్టారు. అరగంట తిరక్కుండానే అతడు వెళ్లిపోయాడు. తరవాత సీసాలు ఎగిరాయి, కుర్చీలు విరిగాయి, జనం కంచె దాటి మైదానంలోకి దూకారు. ముఖ్యమంత్రి మమతా బెనర్జీ బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ప్రధాన నిర్వాహకుడు అరెస్టయ్యాడు. మూడు రోజులకే రాష్ట్ర మంత్రి క్రీడాశాఖను వదులుకోవలసి వచ్చింది.

హైదరాబాద్‌లో అంతా పద్ధతిగా జరిగింది. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జెర్సీ తొడుక్కుని మైదానంలోకి దిగి బంతి ఆడారు. రాహుల్ గాంధీ హాజరయ్యారు. జనం సంబరంగా ఇళ్లకు వెళ్లారు. ఆ సంబరంలో ఒక విషయం ఎవరికీ గుర్తు రాలేదు. అంతకు రెండు నెలల ముందే, ఇండియన్ సూపర్ లీగ్‌లో హైదరాబాద్‌కు ఉన్న ఒకే ఒక్క జట్టు పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. ఒకప్పుడు ఆ లీగులో విజేతగా నిలిచిన జట్టు అది. అది వెళ్లిపోయిన రోజు ఏ మంత్రీ మాట్లాడలేదు, ఏ ప్రతిపక్షమూ ప్రకటన ఇవ్వలేదు, ఏ వీధిలోనూ ధర్నా జరగలేదు.

ఒక సాయంత్రపు అతిథి కోసం స్టేడియం నింపగలిగిన నగరం, ఏళ్ల తరబడి తన పేరు మోసిన జట్టును ఎందుకు నిలుపుకోలేకపోయింది? ఫుట్‌బాల్ పెద్దల దగ్గర దీనికి సిద్ధంగా ఒక జవాబు ఉంటుంది: ఈ దేశంలో జనానికి ఫుట్‌బాల్ పట్టదు, క్రికెట్ తప్ప మరొకటి చూడరు, పెద్ద తార వస్తేనే కదులుతారు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెతకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఇక్కడ మద్దెల బాగానే ఉంది. వాయించేవాళ్ల చేతులనే పరీక్షించాలి.

జనం లేరన్న అబద్ధం

ఈ అబద్ధానికి సాక్ష్యంగా తరచూ చూపించే అంకె 2,569. 2018 జూన్ 1న ముంబయిలో భారత జట్టు చైనీస్ తైపీని 5-0తో ఓడించిన మ్యాచ్‌కు వచ్చినవారి సంఖ్య అది. హ్యాట్రిక్ చేసిన కెప్టెన్ సునీల్ ఛెత్రి మర్నాడు ఒక వీడియోలో దండం పెట్టినంత పని చేశాడు. వచ్చి చూడండి, కావాలంటే తిట్టండి, కానీ స్టేడియానికి రండి అని వేడుకున్నాడు. జూన్ 4న కెన్యాతో ఆడిన మ్యాచ్‌కు టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. కథ అక్కడితో సుఖాంతమైందని పత్రికలు రాశాయి.

నిజానికి ఆ కథలో సిగ్గుపడవలసిన అంశం ఒకటి ఉంది. ఆటగాడి పని ఆడటం. టికెట్లు అమ్మడం, మ్యాచ్ ఉందని ఊరికి తెలియజేయడం, అనువైన వేళ ఎంచుకోవడం సమాఖ్య పని. ఆ పని జరగనందువల్ల దేశం తరఫున అత్యధిక గోల్స్ చేసిన ఆటగాడు కెమెరా ముందు నిలబడి అర్థించవలసి వచ్చింది. అతడి విన్నపానికి జనం మూడు రోజుల్లో స్పందించారంటే వారికి ఆట పట్టదన్న వాదన అక్కడే కూలిపోయింది. కానీ విన్నపంతో నిండిన స్టేడియం ఒక్క సాయంత్రమే నిండుతుంది. ఏడాది పొడవునా నిండాలంటే అలవాటు కావాలి. దాన్ని సంస్థలు ఏళ్ల తరబడి కట్టుకుంటూ రావాలి.

ఆ అలవాటు ఈ దేశంలో ఉన్నదే. 1911 జులై 29న మోహన్ బగాన్ జట్టు ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించిన రోజు కలకత్తా మైదాన్‌కు వేలాదిగా జనం తరలివచ్చారు. దూరంగా ఉన్నవారికి స్కోరు తెలియడానికి గాలిపటాలు ఎగరేశారని చెబుతారు. 1997 జులై 13న ఫెడరేషన్ కప్ సెమీఫైనల్లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ తలపడినప్పుడు సాల్ట్‌లేక్‌లో 1,31,781 మంది ఉన్నారు. అప్పటికే ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చింది, సచిన్ టెండూల్కర్ దేశానికి ఆరాధ్యుడయ్యాడు. అయినా లక్షా ముప్పై వేలమంది ఒక దేశీయ క్లబ్ మ్యాచ్ చూడటానికి కదిలారు. 2017లో భారత్‌లో జరిగిన అండర్-17 ప్రపంచ కప్‌ను మొత్తం మీద 13 లక్షలకు పైగా ప్రేక్షకులు చూశారు. పదిహేడేళ్లలోపు కుర్రాళ్ల ఆట అది. అందులో మెస్సీలు లేరు, రొనాల్డోలు లేరు.

కేరళలోని మలప్పురం జిల్లాలో ఏటా పంటకోతల తరవాత సెవెన్స్ టోర్నమెంట్లు జరుగుతాయి. తాత్కాలికంగా కట్టిన గ్యాలరీల్లో, టికెట్ కొనుక్కుని, రాత్రిళ్లు వేలమంది కూర్చుని చూస్తారు. దానికి జాతీయ సమాఖ్య గుర్తింపు లేదు, కార్పొరేట్ హంగులు లేవు. జనం మాత్రం ఉన్నారు.

నాలుగు సాకులు

ఫుట్‌బాల్ మ్యాచ్‌కు ప్రేక్షకుడిని రప్పించేది ఏమిటన్న ప్రశ్న కొత్తది కాదు. ప్రపంచమంతా ఆర్థికవేత్తలు దశాబ్దాలుగా దీన్ని తవ్వుతున్నారు. వారు పరీక్షించిన కారణాల్లో నాలుగింటిని భారత ఫుట్‌బాల్ నిర్వాహకులు తమకు అనుకూలంగా వాడుకుంటున్నారు. వాటిని ఒక్కొక్కటిగా చూడాలి.

మొదటి సాకు తారలు. 2014లో ఇండియన్ సూపర్ లీగ్ ఈ నమ్మకం మీదే పుట్టింది. డెల్ పియెరో, త్రెజెగె, పిరెస్, యుంగ్‌బెర్గ్ వంటి ఆట చివరి దశలోని విదేశీ దిగ్గజాలను తెచ్చారు. యజమానుల గ్యాలరీలో సినీ తారలను, క్రికెటర్లను కూర్చోబెట్టారు. తొలి ఏడాది స్టేడియాలు నిండిన మాట వాస్తవం. తరవాత తారలు వెళ్లిపోయారు. వారి కోసం వచ్చినవారూ చాలా నగరాల్లో వారితోపాటే వెళ్లిపోయారు. తార వెళ్లిపోయాక కూడా జనం మిగిలిన చోటు కొచ్చి. అక్కడ ఫుట్‌బాల్ అంతకుముందే ఊరి జీవితంలో భాగం. 2016లో చిరంజీవి, నాగార్జున, అల్లు అరవింద్ పెట్టుబడి పెట్టింది ఆ కేరళ బ్లాస్టర్స్‌లోనే. అప్పటికి హైదరాబాద్‌కు ఆ లీగులో జట్టే లేదు. తెలుగు సినిమా పెట్టుబడి సైతం జనం ముందే ఉన్న చోటును వెతుక్కుంటూ వెళ్లిందే తప్ప, జనాన్ని కొత్తగా పుట్టించే సాహసం చేయలేదు.

రెండో సాకు ఆట నాణ్యత. యూరప్ ఫుట్‌బాల్‌ను టీవీలో చూసే యువతకు దేశీయ ఆట ఆనదని అంటారు. 2018 డిసెంబరు 26న ఇంగ్లండ్‌లో సండర్లాండ్ జట్టు బ్రాడ్‌ఫర్డ్ సిటీతో ఆడిన మ్యాచ్‌కు 46,039 మంది వచ్చారు. అది ఇంగ్లిష్ ఫుట్‌బాల్ మూడో శ్రేణి మ్యాచ్. వరసగా రెండేళ్లు కింది శ్రేణులకు పడిపోయిన జట్టు అది. అదే చలికాలంలో, అదే దేశంలో, ప్రపంచంలోని మేటి ఆటగాళ్లు టీవీలో కనిపిస్తూనే ఉన్నారు. ఆ నలభై ఆరు వేలమందికి ఆ సంగతి తెలియక కాదు. వారు అక్కడికి వెళ్లింది ప్రపంచంలోని అత్యుత్తమ ఫుట్‌బాల్ కోసం కాదు, తమ ఊరి ఫుట్‌బాల్ కోసం.

మూడో సాకు ఫలితంలో అనిశ్చితి. ఎవరు గెలుస్తారో ముందే తెలిస్తే ఎవరూ రారన్న సూత్రాన్ని 1956లో అమెరికన్ ఆర్థికవేత్త సైమన్ రాటెన్‌బర్గ్ బేస్‌బాల్‌ను పరిశీలిస్తూ ముందుకు తెచ్చాడు. జట్ల ఖర్చుపై పరిమితులకు, ఆటగాళ్ల ఎంపికపై ఆంక్షలకు, మూసిన తలుపుల లీగులకు సమర్థనగా ఇదే సూత్రాన్ని చూపిస్తారు. కానీ యూరప్ ఫుట్‌బాల్ మీద తరవాత జరిగిన అధ్యయనాలు దీన్ని పూర్తిగా బలపరచలేదు. చాలామంది అభిమానులు సమాన పోటీ కోసం కాక, తమ జట్టు గెలుస్తుందన్న ఆశతోనో, పెద్ద ప్రత్యర్థి వచ్చినందుకో, కేవలం అలవాటుగానో వెళతారని తేలింది. జర్మనీలో 2013 నుంచి 2023 వరకు వరసగా పదకొండుసార్లు బయర్న్ మ్యూనిక్కే విజేత. లీగు ఎవరిదో చాలా ఏళ్లు ముందే తెలిసిపోయింది. అయినా ఆ దేశపు స్టేడియాలు ప్రపంచంలోనే అత్యధికంగా నిండాయి.

నాలుగో సాకు టీవీ, క్రికెట్. ఇంగ్లండ్ లీగు మ్యాచ్‌లకు 1948-49 సీజన్లో 4 కోట్ల 10 లక్షలకు పైగా ప్రేక్షకులు వచ్చారు. 1985-86 నాటికి ఆ సంఖ్య దాదాపు కోటీ 65 లక్షలకు పడిపోయింది. నేరం టీవీదే అయితే, టీవీ ప్రసారాలు ఎన్నో రెట్లు పెరిగిన తరవాతి దశాబ్దాల్లో ప్రేక్షకులు తిరిగి రాకూడదు. కానీ వచ్చారు. మధ్యలో ఏం జరిగింది? 1985లో బ్రాడ్‌ఫర్డ్‌లో చెక్క గ్యాలరీ అంటుకుని 56 మంది మరణించారు. 1989లో హిల్స్‌బరో తొక్కిసలాట 97 మందిని బలిగొంది. తరవాత వచ్చిన టేలర్ నివేదిక ప్రేక్షకుడిని పశువులా కంచెల మధ్య తోలే పద్ధతిని మార్చమంది. కంచెలు తొలగించారు, కుర్చీలు వేశారు, స్టేడియాలను కొత్తగా కట్టారు. ఆ బాగులో సామాన్యుడికి టికెట్ ధర భారమైపోయిన మాట కూడా నిజమే. అయితే మనిషిని మనిషిగా చూసిన చోటికి జనం తిరిగి వచ్చారన్నది అంతకంటే పెద్ద నిజం.

జనాన్ని రప్పించేవి

సాకులు పక్కన పెడితే మిగిలేవి చాలా మామూలు సంగతులు. జట్టు తమదన్న నమ్మకం, ఆటలో పణంగా ఉన్నదేమిటి, స్టేడియానికి చేరే దారి, అక్కడ దక్కే మర్యాద, తమ మాటకు విలువ. ఈ ఐదింటిలో ఏ ఒక్కటీ తారల కాల్‌షీట్లతో రాదు.

జట్టు తమదన్న నమ్మకం డబ్బుతో కొనేది కాదని కోల్‌కతా చెప్పింది. 2014లో పుట్టిన ఫ్రాంచైజీ ఆ నగరం పేరుతో మూడు ఐఎస్ఎల్ టైటిళ్లు గెలిచింది. 2020లో దాన్ని మోహన్ బగాన్‌తో కలిపి, పేరు ముందు తన మూడక్షరాల గుర్తును తగిలించినప్పుడు శతాబ్దం దాటిన ఆ క్లబ్బు అభిమానులు తిరగబడ్డారు. ఆ అక్షరాలు తీసేయాలని మూడేళ్లు వీధుల్లో, గ్యాలరీల్లో పోరాడారు. 2023 మార్చిలో లీగు గెలిచిన రాత్రే యజమాని సంజీవ్ గోయెంకా పేరు మారుస్తున్నట్టు ప్రకటించక తప్పలేదు. మరుసటి ఏడాది ఐఎస్ఎల్ ఫైనల్‌కు సాల్ట్‌లేక్‌లో 60 వేలకు పైగా జనం వచ్చారు. మూడు టైటిళ్లు సాధించలేనిది ఒక పేరు సాధించింది.

పణం విషయం ఇంకా స్పష్టం. కింది శ్రేణికి పడిపోతామన్న భయం, పై శ్రేణికి ఎక్కుతామన్న ఆశ లేని లీగులో సీజన్ సగం గడిచేసరికి సగం జట్ల ఆట ఉత్తుత్తిదవుతుంది. మిజోరంలోని ఐజాల్ జట్టు 2016లో ఐ-లీగ్ నుంచి పడిపోయింది. మళ్లీ చోటు దక్కించుకుని మరుసటి ఏడాదే విజేతగా నిలిచింది. ప్రపంచంలో ఏ దేశమైనా ఆ కథను తలకెత్తుకుని ఊరేగించేది. ఇక్కడ ఆ జట్టుకు అగ్రశ్రేణి లీగు తలుపు తెరుచుకోలేదు. ఎందుకంటే ఆ లీగు మైదానంలో గెలిచినవారిది కాదు, ఫ్రాంచైజీ రుసుము కట్టినవారిది. గోకులం కేరళ 2021లో, 2022లో వరసగా ఐ-లీగ్ గెలిచింది. దానికీ అదే జవాబు. 2023లో పంజాబ్‌తో పై తలుపు కాస్త తెరిచారు. కింది తలుపు మాత్రం మూసే ఉంచారు. ఐదుసార్లు జాతీయ లీగు గెలిచిన గోవా జట్టు డెంపో, దానితోపాటు సాల్గావ్‌కర్, స్పోర్టింగ్ క్లబ్ 2016లో ఇదే వివక్షకు నిరసనగా ఐ-లీగ్ నుంచి తప్పుకున్నాయి. తరాల అభిమానం ఉన్న క్లబ్బులను వాకిట్లో నిలబెట్టి, నిన్న పుట్టిన ఫ్రాంచైజీల ముందు ఖాళీ కుర్చీలను చూసి జనం రావడం లేదని వగచడం ఏ న్యాయం?

దారి, వేళ అన్నవి చిన్న విషయాలుగా కనిపిస్తాయి. కానీ ప్రేక్షకుడి నిర్ణయం చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. రాత్రి ఏడున్నరకు మొదలై తొమ్మిదిన్నరకు ముగిసే ఆట టీవీ ప్రసారానికి అనువైనది. పిల్లల్ని తీసుకుని సిటీ బస్సులో ఇల్లు చేరవలసిన కుటుంబానికి కాదు. కొచ్చిలో స్టేడియం పక్కనే మెట్రో స్టేషన్ ఉంది, మ్యాచ్ రోజుల్లో అదనపు రైళ్లు నడుపుతారు. కోల్‌కతాలో 2020లో సాల్ట్‌లేక్ స్టేడియానికి మెట్రో వచ్చింది. హైదరాబాద్ జట్టు ఆడిన గచ్చిబౌలి స్టేడియానికి మెట్రో లేదు. కిలోమీటర్ల దూరంలోని రాయదుర్గంలో దిగి, ఐటీ ఉద్యోగులు ఇళ్లకు మళ్లే వేళ ఆ ట్రాఫిక్‌ను ఈదుకుంటూ చేరాలి.

ఇక మర్యాద. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఫుట్‌బాల్ చూడటానికి వచ్చిన 16 మంది శవాలై తిరిగి వెళ్లారు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం వాకిట క్రికెట్ సంబరానికి వచ్చిన 11 మంది తొక్కిసలాటలో చనిపోయారు. ఆ రెండు తేదీల మధ్య నలభై ఐదేళ్లు గడిచాయి. ప్రేక్షకుడిని అదుపు చేయవలసిన గుంపుగా చూసే పాలనా దృష్టి మాత్రం మారలేదు. మంచినీళ్ల సీసా గేటు దగ్గర లాక్కుని లోపల అధిక ధరకు అమ్మే చోట, ఆడవారికి శుభ్రమైన మరుగుదొడ్డి లేని చోట, ఒక నాయకుడి కాన్వాయ్ కోసం గేటు మూసే చోట ఎవరైనా రెండోసారి ఎందుకు అడుగు పెడతారు?

చివరిది మాట. జర్మనీలో క్లబ్బుల ఓటింగ్ హక్కుల్లో సగానికి పైగా సభ్యుల చేతిలోనే ఉండాలన్న నియమం 1998 నుంచి అమల్లో ఉంది. దీనికి ఒకటి రెండు మినహాయింపులు లేకపోలేదు. 2024 ఫిబ్రవరిలో అక్కడి లీగు తన ప్రసార ఆదాయంలో వాటాను బయటి పెట్టుబడిదారుకు అమ్మబోతే, అభిమానులు వారాల తరబడి టెన్నిస్ బంతులు విసిరి మ్యాచ్‌లు ఆపారు. ఒప్పందం రద్దయింది. 2016లో లివర్‌పూల్ యాజమాన్యం టికెట్ ధర 77 పౌండ్లకు పెంచుతామంటే వేలమంది 77వ నిమిషంలో లేచి బయటికి నడిచారు. యజమానులు వెనక్కి తగ్గారు. మాటకు విలువ ఉన్న చోటే మనిషి నిలుస్తాడు. 2024 ఆగస్టు 18న కోల్‌కతాలో జరగవలసిన డ్యూరాండ్ కప్ డెర్బీని భద్రత పేరుతో రద్దు చేసినప్పుడు ఏమైందో దేశం చూసింది. ఆర్జీ కర్ ఆస్పత్రి ఘోరంపై గ్యాలరీల్లో నినాదాలు లేస్తాయన్న భయమే అసలు కారణమని నగరమంతా అనుకుంది. ఆ సాయంత్రం మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అభిమానులు ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి స్టేడియం బయట న్యాయం కోసం నినదించారు. వారిపై లాఠీలు లేచాయి. పాలకులు భయపడవలసినంత బలమైన ప్రేక్షకుడు ఈ దేశంలో ఉన్నాడనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

హైదరాబాద్ చెప్పే పాఠం

హైదరాబాద్ ఫుట్‌బాల్ లేని నగరం కాదు. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఇక్కడిది. 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిపెట్టిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఇక్కడివాడు. తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్, మహమ్మద్ హబీబ్ ఇక్కడి గల్లీల్లో, మైదానాల్లో తయారై కోల్‌కతా క్లబ్బులకు వెలుగు తెచ్చారు. ఆ వలస ఏళ్ల తరబడి సాగింది. నగరం ఆటగాళ్లను పంపుతూనే ఉంది, వారిని నిలుపుకునే క్లబ్బును మాత్రం కట్టుకోలేదు.

2019లో పుణె ఫ్రాంచైజీ మూతపడ్డాక దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. తొలి సీజన్లో అట్టడుగున నిలిచింది. తరవాతి రెండు సీజన్లు కోవిడ్ వల్ల లీగు మొత్తం గోవాలో, ఖాళీ గ్యాలరీల మధ్య జరిగింది. ఆ జట్టు అత్యుత్తమంగా ఆడింది అప్పుడే. 2022 మార్చి 20న ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ట్రోఫీ ఎత్తింది. ఆ రాత్రి ప్రేక్షకులను అనుమతించారు. గ్యాలరీలో ఎటు చూసినా కేరళ పసుపు రంగే. విజేత జట్టుకు తన ఊరి కళ్లముందు గెలిచే భాగ్యం లేదు. మరుసటి సీజన్లో ఇంటికి తిరిగొచ్చి లీగు పట్టికలో రెండో స్థానంలో నిలిచింది. అప్పుడే అలవాటు మొలకెత్తవలసింది. ఏడాది తిరిగేసరికి జీతాల బకాయిలు, ఆటగాళ్ల నిష్క్రమణ, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం. తరవాత యాజమాన్యం మారింది. 2025లో నగరమే మారింది.

ఆ ఆరేళ్లలో హైదరాబాద్ ప్రేక్షకుడు చేసిన నేరమేమిటి? జట్టు గెలుస్తున్నప్పుడు అతడిని లోపలికి రానివ్వలేదు. రానిచ్చినప్పుడు జట్టును నిలబెట్టలేదు. ఇంటి కిటికీకి కొత్త తెర కొన్నంత తేలికగా ఒక నగరం పేరు తీసి మరో నగరం పేరు తగిలించారు. అలాంటి జట్టును నమ్మి తన కొడుకుకు జెర్సీ కొనే తండ్రి రేపు ఢిల్లీలో మాత్రం ఎక్కడ దొరుకుతాడు?

అసలు యజమానులు

1988 నుంచి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్ష పీఠంలో కూర్చున్నవారిని చూస్తే అసలు రోగం బయటపడుతుంది. మొదట కాంగ్రెస్ నేత ప్రియరంజన్ దాస్‌మున్షీ, తరవాత ఎన్‌సీపీ నేత ప్రఫుల్ పటేల్, 2022 నుంచి బీజేపీ నేత కల్యాణ్ చౌబే. చౌబే ఒకప్పటి గోల్‌కీపర్ అన్న మాట నిజమే. కానీ ఆయన ఎన్నికలో ఓడిపోయింది బైచుంగ్ భూటియా, అదీ 33-1 తేడాతో. మూడు పార్టీలు, ఒకే పద్ధతి. ప్రఫుల్ పటేల్ గడువు ముగిసినా పదవిలో కొనసాగుతుంటే 2022 మే నెలలో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోవలసి వచ్చింది. ఆగస్టులో ఫిఫా సమాఖ్యను సస్పెండ్ చేసింది. పార్లమెంటులో ఒకరినొకరు తిట్టుకునే పార్టీలు క్రీడా సమాఖ్యల్లో మాత్రం సామరస్యంగా కాపురం చేస్తాయి.

2010లో సమాఖ్య తన వాణిజ్య హక్కులను పదిహేనేళ్లకు 700 కోట్ల రూపాయలకు అప్పగించింది. ఆ ఒప్పందం గడువు ముగిసే ముందు, 2025 జులైలో, లీగునే నిలిపేశారు. నవంబరు నాటికి కొత్త టెండరుకు ఒక్క బిడ్డు కూడా రాలేదు. క్లబ్బులు శిక్షణ ఆపాయి, ఆటగాళ్లు సామాజిక మాధ్యమాల్లో మొర పెట్టుకున్నారు. 2026 జనవరిలో కేంద్ర క్రీడల మంత్రి ప్రకటించేదాకా లీగు మొదలయ్యే తేదీ ఎవరికీ తెలియదు. ఇంత జరిగినా ఒక్క చర్చలోనైనా ప్రేక్షకుల ప్రతినిధిని కూర్చోబెట్టిన దాఖలా లేదు. ఒప్పందాల్లో అతడు ఒక అంకె, ప్రసారంలో ఒక నేపథ్యం, బందోబస్తులో ఒక సమస్య.

దీనికి యజమానుల వైపు నుంచి ఒక వాదన వినిపిస్తుంది. క్లబ్బులు ఏటా కోట్లు నష్టపోతున్నాయని, కింది శ్రేణికి పడే ప్రమాదం పెడితే పెట్టుబడి రాదని, ముందు మార్కెట్ పెరగాలని. నష్టాల మాట అబద్ధం కాదు. కానీ దశాబ్దానికి పైగా తలుపులు మూసి ఉంచినా ఆ నష్టాలు తగ్గలేదు. పెట్టుబడికి పూర్తి రక్షణ కల్పించిన ఆ నమూనాయే చివరికి ఒక్క బిడ్డును కూడా రప్పించలేకపోయింది. జనం లేనిదే మార్కెట్ లేదు, నమ్మకం లేనిదే జనం లేరు. పడిపోయే ప్రమాదం లేని జట్టుకు తన ప్రేక్షకుడి అవసరమూ ఉండదు. న్యాయమూర్తి ఎల్. నాగేశ్వరరావు ముసాయిదా రూపొందించగా 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆమోదించిన సమాఖ్య నియమావళి కూడా అగ్రశ్రేణి లీగులో ఎక్కడం, పడటం రెండూ ఉండాలనే అంటోంది. దాన్ని అమలు చేయడానికి ఇక కావలసింది కొత్త కమిటీ కాదు, ధైర్యం.

చేయవలసినవి అంతుచిక్కని రహస్యాలేమీ కావు. లీగు రెండు తలుపులూ తెరవాలి. అభిమానుల సమ్మతి లేకుండా క్లబ్బు పేరు, రంగు, ఊరు మార్చకూడదన్న నియమం రావాలి. ప్రతి క్లబ్బు పాలకవర్గంలో ఎన్నికైన అభిమాని ఒకరుండాలి. వేళలు నిర్ణయించేటప్పుడు ఆఖరి బస్సు, ఆఖరి రైలు లెక్కలోకి రావాలి. నీళ్లు ఉచితంగా, మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాకే స్టేడియానికి అనుమతి ఇవ్వాలి. ప్రజాధనంతో కట్టిన మైదానంలో ముందు వరస ప్రజలది కావాలి. మంత్రి కూర్చోవాలనుకుంటే టికెట్ కొని కూర్చోవచ్చు.

మెస్సీ వెళ్లిపోయాడు. సాల్ట్‌లేక్‌లో విరిగిన కుర్చీల స్థానంలో కొత్తవి వేయవచ్చు, అది కాంట్రాక్టరు పని. ఉప్పల్‌లో ఆ రాత్రి గొంతు చించుకుని అరిచిన పన్నెండేళ్ల పిల్లవాడికి వచ్చే శనివారం సాయంత్రం అరవడానికి ఈ నగరంలో ఒక జట్టును మిగల్చడం మాత్రం కాంట్రాక్టరు పని కాదు. ఆ పిల్లవాడు చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవారికి ఒక్క సాయంత్రపు గిరాకీ మాత్రమే అయితే, పదేళ్ల తరవాత ఇదే స్టేడియంలో ఇవే ఖాళీ కుర్చీలను చూపించి, ఈ దేశానికి ఫుట్‌బాల్ పట్టదని చెప్పేవారు అప్పుడూ ఉంటారు. అప్పటికీ పీఠం మీద ఉన్నది వాళ్లే అయి ఉంటుంది.